ఫిర్యాదు చేసింది ఆమె, టీమ్ మారాల్సింది కూడా ఆమేనా?

వేపచెట్టు:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను, ఆ అమ్మాయి పేరూ చెప్పను. గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.

మా టీమ్‌లో ఒకమ్మాయి తన లీడ్ మీద అంతర్గత కమిటీకి (ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీ) ఫిర్యాదు చేసింది. అర్ధరాత్రి మెసేజ్‌లు, "నువ్వు నవ్వితేనే నాకు పని సాగుతుంది" లాంటి మాటలు, కాఫీకి రాకపోతే రివ్యూలో చూసుకుంటానని బెదిరింపు. స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. కమిటీ విచారణ చేసి ఫిర్యాదు నిజమేనని తేల్చింది. లీడ్‌కి వార్నింగ్ లెటర్ ఇచ్చారు, అంతే. ఆ అమ్మాయిని మాత్రం వేరే బిల్డింగ్‌లో సపోర్ట్ ప్రాజెక్ట్‌లో వేశారు. తను అడగలేదు. కష్టపడి నేర్చుకున్న పనంతా ఇక్కడే ఉండిపోయింది. హెచ్‌ఆర్ మేడమ్ "నీ మంచికేనమ్మా, రోజూ అతని మొహం చూడక్కర్లేదు కదా" అన్నారట.

అదే వారం ఇంకో రెండు జరిగాయి. ఆడవాళ్లు రాత్రి ఎనిమిదిన్నర దాటి ఆఫీసులో ఉండాలంటే మేనేజర్ అనుమతి తీసుకోవాలని మెయిల్ వచ్చింది. ఇంకో మేనేజర్ నలుగురిలో "ఇకమీదట అమ్మాయిలతో విడిగా మీటింగ్ పెట్టను, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. లంచ్ దగ్గర సగం మంది ఆయన మాట కరెక్టే అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు చేసినవాడి సీటు కదల్లేదు. ఏ తప్పూ చేయని ఆడవాళ్లందరికీ ఆంక్షలు వచ్చాయి. మీరేమంటారు?

మియాపూర్ మావయ్య:
అమ్మా, నీ బాధ అర్థమైంది. కానీ రెండో వైపు కూడా వినాలి. నా కింద పనిచేసేవాళ్లలో సగం మంది ఆడపిల్లలే. ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఈ మధ్య గది తలుపు వేసుకుని మాట్లాడాలంటే భయంగానే ఉంటోంది. మా పాత ఆఫీసులో ఒకాయన మీద కంప్లైంట్ పడింది. విచారణలో ఏమీ రుజువు కాలేదు. అయినా ఆయన ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోయాడు. ఇంట్లోవాళ్లు నలుగురిలో తలెత్తుకోలేకపోయారు. దానికి జవాబు ఎవరు చెప్పాలి? మీ మేనేజర్ ఆ మాట అన్నాడంటే పొగరుతో కాదు, టెన్షన్‌తో అని ఉంటాడు.

ఇక ఎనిమిదిన్నర సంగతి. రాత్రిపూట క్యాబ్‌లలో ఏం జరిగిందో ఈ ఊళ్లో మనం చూడలేదా? ముల్లు వెళ్లి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనని పెద్దలు ఊరికే అనలేదు. ఇది ఆడవాళ్లను తక్కువ చేయడం కాదు, జాగ్రత్త చెప్పడం.

కోర్టు మెట్లు:
నేను అడ్వకేట్‌ని. ముందుగా వేపచెట్టు గారికి ఒక మాట. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసినామె, ఎదుటి వ్యక్తి, సాక్షులు ఎవరో బయటపెట్టకూడదు. విచారణలో ఏం జరిగిందో కూడా చెప్పకూడదు. మీరు జాగ్రత్తపడ్డారు, మంచిది. ఇకపైనా అలాగే ఉండండి.

మావయ్య గారూ, ఆ సెక్షన్ మీరు చెప్పిన ఆయన లాంటివాళ్లను కూడా కాపాడటానికే ఉంది. ఆయన పేరు ఊరంతా పాకిందంటే ఆఫీసులో ఎవరో ఆ నిబంధనను తుంగలో తొక్కారు. అది చట్టం వల్ల వచ్చిన నష్టం కాదు, చట్టాన్ని పాటించకపోవడం వల్ల వచ్చింది. తెలిసీ అబద్ధపు ఫిర్యాదు చేస్తే చర్య తీసుకోవచ్చని 14వ సెక్షన్ చెబుతోంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది అబద్ధపు ఫిర్యాదు అయిపోదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. జనం మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది వదిలేస్తారు.

ఇప్పుడు బదిలీ సంగతి. విచారణ నడుస్తుండగా ఆమెను గానీ, అతన్ని గానీ వేరే చోటికి మార్చమని కమిటీ సిఫారసు చేయొచ్చు. 3 నెలల వరకు సెలవు కూడా ఇప్పించవచ్చు. ఇది 12వ సెక్షన్. కానీ అందులో మొదటి షరతే ఆమె రాతపూర్వకంగా అడగాలి అని. ఆమె అడగకుండా, అదీ విచారణ ముగిసి ఫిర్యాదు నిజమని తేలాక, "నీ మంచికే" అని మార్చేయడం ఆ సెక్షన్ కిందికి రాదు.

నైట్ డ్యూటీ:
మావయ్య గారూ, నేను నర్సుని, వైజాగ్. మీ అరిటాకు సామెత మా ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటూనే పెరిగాను. ఆ సామెతలో ముల్లుని ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఎప్పుడూ ఆకునే లోపల పెట్టమంటారు.

2019లో దిశ ఘటన తర్వాత తెలంగాణ ఆర్టీసీలో మహిళా ఉద్యోగులకు రాత్రి 8 తర్వాత డ్యూటీలు వేయొద్దని అప్పటి ముఖ్యమంత్రి చెప్పారు. మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో ట్రైనీ డాక్టరును చంపేశాక బెంగాల్ ప్రభుత్వం కూడా అదే పని చేసింది. వీలైనంతవరకు మహిళా డాక్టర్లకు నైట్ డ్యూటీ వేయొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆడవాళ్లు రాత్రి పనిచేయకూడదని మీరెలా అంటారు, భద్రత కల్పించడం మీ పని కదా అని నిలదీసింది. ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

రాత్రి రెండింటికి ఐసీయూలో డ్రిప్ మార్చేది మేమే. మేం లేకపోతే పేషెంట్లకు ఎవరు ఉంటారు? మేం అడిగేది ఇంటికి పంపమని కాదు. మా డ్యూటీ రూమ్ తలుపుకి గడియ ఉండదు. గ్లూకోజ్ సీసాల అట్టపెట్టె అడ్డం పెట్టుకుని బట్టలు మార్చుకుంటాం. బాత్రూమ్ కావాలంటే కారిడార్ చివరికి, అటెండెంట్లు పడుకున్న చోటు దాటి వెళ్లాలి. అక్కడ ట్యూబ్‌లైట్ వెలగదు. ఒక గడియ, ఒక ట్యూబ్‌లైట్, సెక్యూరిటీకి ఒక మనిషి. ఇవి అడిగితే బడ్జెట్ లేదంటారు. నైట్ డ్యూటీ తీసేయడానికి మాత్రం బడ్జెట్ అక్కర్లేదు, నైట్ అలవెన్సు కూడా మిగులుతుంది.

మియాపూర్ మావయ్య:
గడియ విషయంలో మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజమమ్మా. అది సిగ్గుచేటు. కానీ ట్యూబ్‌లైట్ వెలిగేదాకా పిల్లల్ని ఏ ధైర్యంతో పంపమంటారు? నాకూ ఒక కూతురుంది, ఇంకో ఏడాదిలో ఉద్యోగంలో చేరుతుంది. భయం భయమే కదా.

పాత ఫైలు:
నేను రిటైరైన ఉద్యోగిని. ఒక ప్రభుత్వ శాఖలో 1980లలో చేరాను. బాబూ, మీ అమ్మాయి విషయంలో మీ భయాన్ని నేను కాదనను. మా నాన్నగారికీ ఉండేది. కానీ ఆడవాళ్లకి భయపడాల్సిన జాబితా నేను చేరడానికి కొంచెం ముందు దాకా ఇంకా పొడుగ్గా ఉండేది, అదంతా కాగితాల మీద రూల్స్‌గా ఉండేది. ఇండియన్ ఫారిన్ సర్వీసులో మహిళా అధికారి పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. కుటుంబ బాధ్యతలు పనికి అడ్డొస్తాయనిపిస్తే రాజీనామా చేయమనొచ్చు. మగ అధికారికి ఈ నిబంధన ఉండేది కాదు. సి.బి. ముత్తమ్మ గారు సుప్రీంకోర్టుకి వెళ్తే, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వివక్షను కడిగిపారేశారు. ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్‌కి మొదటి గర్భంతోనే ఉద్యోగం పోయే రూల్ ఉండేది. 1981లో నర్గేష్ మీర్జా కేసులో కోర్టు దాన్ని కొట్టేసింది. అయితే చేరిన 4 ఏళ్లలోపు పెళ్లి చేసుకోకూడదన్న రూల్‌ని మాత్రం సమర్థించింది!

మా ఆఫీసులో సెక్షన్‌కి నేనొక్కదాన్నే ఆడమనిషిని. ఎవరైనా పెద్ద అధికారి వస్తే బొకే ఇవ్వాల్సింది నేను, టీ కప్పులు అందించాల్సింది నేను. ఫైలు మీద నోట్ రాసేది నేనే అయినా మీటింగ్‌లో కుర్చీ మాత్రం ఉండేది కాదు. ఆ అధికారుల్లో ఒకాయన బొకే అందుకుంటూ చెయ్యి వదిలేవాడు కాదు. ఎవరికి చెప్పను? "నిన్ను పిలిచిందే అందంగా ఉంటుందని" అన్నాడు మా సూపరింటెండెంట్, మెచ్చుకుంటున్నానని అనుకుంటూ. బొకే ఇవ్వడానికి ఆడమనిషే కావాలని అనుకున్న రోజే ఆ చెయ్యికి దారి ఇచ్చినట్టు. ఈ రెండూ వేర్వేరు సమస్యలని నేనెప్పుడూ అనుకోలేదు.

కోర్టు మెట్లు:
అమ్మా, మీరు చెప్పిన కాలానిదే రూపన్ దేవల్ బజాజ్ గారి కేసు. ఆవిడ ఐఏఎస్ అధికారి. 1988లో చండీగఢ్‌లో ఒక విందులో నాటి పంజాబ్ డీజీపీ కేపీఎస్ గిల్ అసభ్యంగా తాకారని ఫిర్యాదు చేశారు. అంతటి అధికారిణికి కూడా ఊరుకోమనే సలహాలే వచ్చాయి. 1996లో శిక్ష పడింది, 2005లో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. 17 ఏళ్లు.

ఊరి ఆశా:
నమస్తే. నేను ఆశా వర్కర్‌ని, నల్గొండ వైపు. ఇక్కడ అందరూ ఆఫీసుల గురించే రాస్తున్నారు. మా ఆఫీసు అంటే ఊరే. ఇంటింటికీ తిరగాలి. కండోమ్‌ల గురించి, ఆపరేషన్ల గురించి చెప్పడం మా పని. అవి చేతిలో పట్టుకుని వెళ్తే కొందరు మగాళ్లు వాటి మీదే జోకులేస్తారు. "ఎట్ల వాడాలో నువ్వే చూపియ్యి" అంటారు. గర్భిణికి నొప్పులొస్తే అర్ధరాత్రి ఆటోలో పోవాలి. ఎవరైనా చెయ్యేస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలో మాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

కోర్టు మెట్లు:
అమ్మా, ఈ చట్టం మీలాంటి ఒక మనిషి వల్లే వచ్చింది. రాజస్థాన్‌లో భటేరి అనే ఊళ్లో భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో 'సాథిన్'. మీలాగే ఊళ్లో తిరిగి పనిచేసే కార్యకర్త. బాల్యవివాహం ఆపబోయింది, అది ఆమె డ్యూటీ. ఆ కోపంతో 1992 సెప్టెంబరులో పొలంలో భర్త ఎదురుగానే ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి విడిచిపెట్టింది. పెద్ద కులం మగవాళ్లు తక్కువ కులపు స్త్రీని ముట్టుకోరని, పెద్ద వయసువాళ్లు అలాంటి పని చేయరని, అలాంటి నమ్మకాలే కారణాలుగా చెప్పింది. సాక్ష్యాల కన్నా "మగవాళ్లు ఇలా ఉంటారు, ఆడవాళ్లు ఇలా ఉంటారు" అన్న అభిప్రాయాలే అక్కడ గెలిచాయి.

దాంతో విశాఖ అనే మహిళా సంస్థ, మరికొన్ని సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టు 13న జస్టిస్ జె.ఎస్. వర్మ ధర్మాసనం పనిచేసే చోట లైంగిక వేధింపులను ఆపడానికి ఇచ్చినవే విశాఖ మార్గదర్శకాలు. (మన దగ్గర చాలామంది ఇదేదో వైజాగ్ కేసనుకుంటారు.) వాటిని చట్టం చేయడానికి 2013 దాకా పట్టింది. ఆ చట్టంలో పనిచేసే చోటు అంటే ఆఫీసు గది ఒక్కటే కాదు. డ్యూటీ మీద వెళ్లిన ప్రతి చోటూ, యజమాని ఏర్పాటు చేసిన వాహనమూ, ఇళ్లలో పనిచేసేవాళ్లకి ఆ ఇల్లూ వస్తాయి. మీరు మీ పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) గానీ, జిల్లా స్థానిక కమిటీలో గానీ ఫిర్యాదు ఇవ్వొచ్చు. పోలీసులకైతే భారతీయ న్యాయ సంహితలో 75, 79 సెక్షన్లు ఉన్నాయి.

బీసెంట్ రోడ్:
స్థానిక కమిటీ అనే మాట ఇప్పుడు మీరు రాస్తేనే వింటున్నా సార్. విజయవాడలో ఒక బట్టల షాపులో సేల్స్‌లో చేశాను, షాపు పేరు వద్దు. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర వరకు నిలబడే ఉండాలి. లిప్‌స్టిక్ తప్పనిసరి, పూలు తప్పనిసరి, నవ్వు తప్పనిసరి. నవ్వకపోతే ఫైన్. మగపిల్లలకి నవ్వు రూల్ లేదు.

గోడౌన్‌లో చీరల కట్టల మధ్య సందు ఒక మనిషి పట్టేంతే ఉంటుంది. నేను లోపలికి వెళ్లగానే ఫ్లోర్ సూపర్‌వైజర్ కూడా ఏదో పని ఉన్నట్టు అదే సందులోకి వచ్చేవాడు. చేతుల్లో కట్టలు, వెనక్కి తిరగడానికి చోటుండదు. ఓనర్‌కి చెబితే "కస్టమర్లతో రోజంతా నవ్వుతూ మాట్లాడతావుగా, వాడేదో పక్కనుంచి పోతే గొడవేంటి" అన్నాడు. నవ్వమన్నది వాళ్లే. ఆ నవ్వుని నా మీద సాక్ష్యంగా వాడిందీ వాళ్లే. ఆ నెల జీతం వదులుకుని మానేశాను. అలాంటి వాడి మీద కంప్లైంట్ ఇవ్వాలంటే ఇప్పుడైనా ఎక్కడికి వెళ్లాలి?

కోర్టు మెట్లు:
అమ్మా, 10 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ఏ చోటైనా అంతర్గత కమిటీ ఉండి తీరాలి. లేకపోతే యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా. రెండోసారి అయితే రెట్టింపు, లైసెన్స్ కూడా పోవచ్చు. 10 మందిలోపు ఉన్న చోట్లకీ, యజమాని మీదే ఫిర్యాదు అయినప్పుడూ జిల్లా స్థానిక కమిటీ. కలెక్టరేట్‌లో గానీ మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో గానీ అడగండి. ఘటన జరిగిన 3 నెలల్లోపు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో 3 నెలలు పొడిగిస్తారు. రాయడం రాకపోతే రాయించే బాధ్యత కూడా కమిటీదే.

కమిటీలు కాగితం మీదే ఉన్నాయన్నది నిజం. 2023 మేలో గోవా కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు దీని మీద చాలా బాధపడింది. 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 చోట్ల అంతర్గత కమిటీయే లేదన్న పత్రికా వార్తను తీర్పులో ప్రస్తావించింది. మహిళా రెజ్లర్లు లైంగిక వేధింపుల మీద నిరసనగా ఢిల్లీలో రోడ్డు మీద కూర్చున్న రోజులవి. 2024 డిసెంబరులో ప్రతి జిల్లాలో అధికారిని నియమించాలని, స్థానిక కమిటీలు వేయాలని మళ్లీ గడువు పెట్టింది.

సపోటా:
నేను కొత్తగా చేరాను, మొదటి ఉద్యోగం. నాకు రెండు డౌట్లు. ఒకటి, కొలీగ్‌ని "ఈ డ్రెస్ బాగుంది" అంటే తప్పా? నిజంగానే తెలియక అడుగుతున్నా.

రెండోది కొంచెం ఇబ్బందిగా ఉంది. మా టీమ్‌లో మగవాళ్లకి మాత్రమే ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. కొత్తగా చేరిన అమ్మాయిల ఫొటోలు పెట్టి మార్కులు వేస్తారు. నేను అందులోంచి బయటికొచ్చేశా. మర్నాటి నుంచి లీడ్ నన్ను "ఆడంగి" అని పిలుస్తున్నాడు. స్టాండప్ మీటింగ్‌లో "మేడమ్ గారు అప్‌డేట్ ఇస్తారు" అంటాడు, అందరూ నవ్వుతారు. బైక్ కాకుండా మెట్రోలో వస్తానని, టిఫిన్ బాక్స్ తెచ్చుకుంటానని కూడా అంటాడు. నేను ఫిర్యాదు చేయొచ్చా? చట్టం ఆడవాళ్లకి మాత్రమేనట కదా.

బయటి సభ్యురాలు:
బాబూ, డ్రెస్ గురించి ముందు చెప్తాను. ఒక్కసారి మర్యాదగా అన్న మాటతో ఎవరూ జైలుకి వెళ్లరు. అవతలి మనిషి ముడుచుకుపోతే ఆగగలవా, ఆ మాట నీ మగ కొలీగ్‌తో అదే గొంతుతో అనగలవా, ఇవి చూసుకో చాలు. అవతలివాళ్లకు ఇష్టం లేని ప్రవర్తనా కాదా అన్నదే చట్టం చూసేది.

రెండో విషయంలో నీకు జరుగుతున్నది అన్యాయమే. 2013 చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది మహిళలే. కాలేజీల్లో అయితే 2015 యూజీసీ నిబంధనలు అన్ని జెండర్ల విద్యార్థులనూ రక్షిస్తాయి. చాలా కంపెనీలు తమ సొంత పాలసీల్లో మగవాళ్లను కూడా చేర్చుకున్నాయి, మీ కంపెనీ పాలసీ తీసి చదువు. ఆ గ్రూప్‌లో ఫొటోలున్న అమ్మాయిలు ఫిర్యాదు చేయొచ్చు, నువ్వు సాక్షివి అవుతావు. నిన్ను ఆడంగి అంటున్నదీ, వాళ్లకి మార్కులు వేస్తున్నదీ ఒకే నోరు.

నేను కొన్ని కంపెనీల కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చుంటాను. చట్టం ప్రకారం కమిటీకి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సగం మంది మహిళలు ఉండాలి, స్వచ్ఛంద సంస్థ నుంచో, ఈ విషయం తెలిసినవాళ్ల నుంచో ఒకరు ఉండాలి. ఆ ఒకరిని నేను. ఎవరినీ గుర్తుపట్టే వీల్లేకుండా ఒక విచారణ గురించి చెప్తాను. ఆ అమ్మాయి ఫోన్‌లో మెసేజ్‌లు ఒక్కొక్కటీ చూపిస్తోంది. కమిటీలో ఒకాయన ఆపి, "ఇతని గుడ్ మార్నింగ్‌కి నువ్వు కూడా నవ్వు బొమ్మ పెట్టావు కదమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి తల దించుకోలేదు, ఏడవలేదు. "అందరికీ పెడతాను సార్. పెట్టకపోతే పొగరంటారు" అంది. స్క్రీన్ పైకి జరిపి తన మేనేజర్లందరికీ పెట్టిన నవ్వు బొమ్మలు చూపించింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆమె బయటికి వెళ్లాక అదే పెద్దమనిషి "ఇంత గట్టిగా ఉన్న పిల్లకి నిజంగా అంత బాధ కలిగి ఉంటుందా" అన్నాడు. ఏడిస్తే నాటకం, ఏడవకపోతే అబద్ధం!

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు జెండర్ మూస ధోరణుల మీద జడ్జీలకు ఒక హ్యాండ్‌బుక్ విడుదల చేసింది. దాడికి గురైన స్త్రీ ఇలాగే ప్రవర్తిస్తుంది, వెంటనే ఫిర్యాదు చేస్తుంది, ఆమె వేసుకున్న బట్టలే మగవాళ్లని పిలిచినట్టు, ఇలాంటి నమ్మకాలు ఎందుకు తప్పో అందులో వరసగా రాశారు. నేను ప్రతి విచారణకీ దాని ప్రింట్ తీసుకెళ్తాను. జడ్జీలకే అవసరమైనప్పుడు కమిటీలో కూర్చునే ఫైనాన్స్ హెడ్‌కి అవసరం ఉండదా?

ఎడిసన్ ఆంధ్రుడు:
న్యూజెర్సీ నుంచి. ఇక్కడ అమెరికా సుప్రీంకోర్టు 1989లోనే ప్రైస్ వాటర్‌హౌస్ అనే అకౌంటింగ్ సంస్థ కేసులో ఇదే విషయం తేల్చింది. ఆన్ హాప్కిన్స్ అనే ఆవిడ పెద్ద కాంట్రాక్టులు తెచ్చిన మేనేజర్. అయినా ఆవిడను సంస్థలో పార్ట్‌నర్ చేయలేదు. ఇంకొంచెం ఆడతనంగా నడువు, మాట్లాడు, మేకప్ వేసుకో అని సలహా ఇచ్చారు. మూస అభిప్రాయంతో ప్రమోషన్ ఆపడం కూడా వివక్షేనని కోర్టు అంది. అయినా ఇక్కడ అన్నీ బాగున్నాయనుకోకండి. ఉద్యోగంలో చేరేటప్పుడు పెట్టే సంతకంతోనే కోర్టుకి వెళ్లే హక్కు వదులుకుని, గుట్టుగా ఆర్బిట్రేషన్‌కి, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరికి, పోవాల్సి వచ్చేది. లైంగిక వేధింపుల కేసుల్లో ఆ బలవంతం పోయింది 2022లోనే. మన తెలుగువాళ్లలో వీసా మీద ఉన్న అమ్మాయిలకి ఇంకో భయం. ఉద్యోగం పోతే దేశం వదలాలి. అది తెలిసిన మేనేజర్లు ఉన్నారు.

క్లాప్ బోర్డు:
సినిమాల్లో కాస్ట్యూమ్స్ అసిస్టెంట్‌గా చేస్తాను. మా దగ్గర సీటూ లేదు, హెచ్‌ఆరూ లేదు. సినిమా అయిపోతే యూనిట్ విడిపోతుంది, ఫిర్యాదు ఎవరి మీద, ఎక్కడ? ఔట్‌డోర్‌కి వెళ్తే బాత్రూమ్ లేక పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉంటాం. హీరోయిన్‌కి క్యారవాన్ ఉంటుంది. గ్రూప్ డాన్సర్లు బట్టలు మార్చుకునేటప్పుడు నేనే చీర అడ్డం పట్టుకుని నిలబడతాను. కేరళలో సినిమా రంగంలో ఆడవాళ్ల పరిస్థితుల మీద వేసిన హేమ కమిటీ నివేదికలో ఇవన్నీ ఉన్నాయి, బాత్రూమ్‌లు, బట్టలు మార్చుకునే గదులు లేకపోవడంతో సహా. 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో గానీ బయటికి రాలేదు. అక్కడ నటీమణులు సంఘంగా ఏర్పడి వెంటపడ్డారు కాబట్టి అదైనా వచ్చింది.

మన దగ్గర 2018లో నటి శ్రీరెడ్డి ఫిలిం ఛాంబర్ ముందు చేసిన నిరసన అందరికీ గుర్తుంది. ఆమె ఏం అడిగిందో మాత్రం తక్కువ మందికి గుర్తుంది. తర్వాత 2019లో తెలంగాణ ప్రభుత్వం సినిమా రంగం మీద ఉపసంఘం వేసింది. నివేదిక కూడా ఇచ్చారు. 2024లో హేమ నివేదిక వచ్చాక మన నివేదిక కూడా బయటపెట్టమని సమంత బహిరంగంగా అడిగారు. పేర్లు తీసేసైనా అందులోని సిఫారసులు అమలు చేయొచ్చు. సెట్‌లో బాత్రూమ్ పెట్టడానికి ఎవరి పరువూ పోదు కదా.

మియాపూర్ మావయ్య:
అన్నీ చదివాను. షాపు అమ్మాయి రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఒకటి ఇంకా నాకు కుదరడం లేదు. ఇన్నేళ్ల తర్వాత పాత విషయాలు సోషల్ మీడియాలో పెట్టడం ఏం న్యాయం? కమిటీ ఉంది, పోలీసులున్నారు. అక్కడికి వెళ్లకుండా పేరు పెట్టి పోస్టు చేస్తే ఆ మనిషి ఎవరికి చెప్పుకోవాలి? ఇంకోటి, మేనేజర్‌గా నేనేం చేయాలో సూటిగా చెప్పండి. విడిగా మీటింగ్ పెట్టకపోవడం తప్పయితే మరేం చేయమంటారు?

బయటి సభ్యురాలు:
అన్నయ్య గారూ, మొదటిదానికి. 2018లో మీటూ (ఆడవాళ్లు తమకు జరిగిన వేధింపులను బహిరంగంగా చెప్పిన ఉద్యమం) సమయంలో ప్రియా రమణి అనే పాత్రికేయురాలు అప్పటి కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ గురించి రాశారు. ఆయన పదవికి రాజీనామా చేశారు, ఆమె మీద పరువు నష్టం కేసు వేశారు. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా వదిలేసింది. స్త్రీ గౌరవాన్ని పణంగా పెట్టి ఇంకొకరి పరువు కాపాడలేమని, దశాబ్దాల తర్వాతైనా, ఏ వేదిక మీదైనా తన బాధ చెప్పుకునే హక్కు ఆమెకుందని చెప్పింది. ఆ ఘటన జరిగినట్టు ఆమె చెప్పిన కాలానికి విశాఖ మార్గదర్శకాలు కూడా లేవు. వెళ్లడానికి కమిటీయే లేనప్పుడు ఎక్కడికి వెళ్తుంది? పోస్టు పెడితే అన్యాయంగా దెబ్బతినే మనిషి ఉండొచ్చన్న మీ మాటను నేను కొట్టిపారేయను. అందుకే ఆఫీసులో కమిటీ నమ్మకంగా పనిచేయాలి. అది పనిచేసే చోట మనుషులు ఫేస్‌బుక్ దాకా వెళ్లరు.

రెండోది. మీటింగ్ అద్దాల గదిలో పెట్టండి, తలుపు తీసి ఉంచండి, కానీ అందరికీ ఒకటే పద్ధతి. మగవాళ్లతో సిగరెట్ దగ్గర, ఆడవాళ్లతో ఈమెయిల్‌లో అయితే ప్రమోషన్ ఎవరికి వస్తుందో మీకే తెలుసు. ప్రాజెక్ట్ సమాచారం అంతా ఆ సిగరెట్ దగ్గరే నడుస్తుంది. మీ అమ్మాయి ఏడాదిలో ఉద్యోగంలో చేరుతుందన్నారు. ఆ పిల్ల మేనేజర్ ఆమెతో విడిగా మాట్లాడనంటే ఆమెకి పని ఎవరు నేర్పుతారు?

మియాపూర్ మావయ్య:
ఆ చివరి మాట దగ్గర ఆగిపోయానమ్మా. మా అమ్మాయి కూడా ఇదే అంది, ఇంత మర్యాదగా కాదు. సోషల్ మీడియా విషయంలో నా అభిప్రాయం మారలేదు. మీటింగ్‌ల విషయంలో మీరన్నట్టే చేస్తాను.

నైట్ డ్యూటీ:
మావయ్య గారూ, మీ అమ్మాయి చేరే కంపెనీలో కమిటీ ఉందో లేదో, సభ్యుల పేర్లు గోడ మీద పెట్టారో లేదో ముందే చూడండి. నోటీసు కనబడే చోట పెట్టడం తప్పనిసరి. క్యాబ్ ఉందా అని అందరూ అడుగుతారు, ఇది ఎవరూ అడగరు.

వేపచెట్టు:
అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చ లింకు ఆ అమ్మాయికి పంపాను. తను ఒకటే అడిగింది: "పాత ప్రాజెక్ట్‌కి తిరిగి రావాలి. అతనే మారాలి. దానికి ఏం చేయాలి?" హెచ్‌ఆర్‌ని మళ్లీ అడిగితే "కమిటీ పని అయిపోయింది, ఇక మేనేజ్‌మెంట్ ఇష్టం" అన్నారట.

కోర్టు మెట్లు:
మేనేజ్‌మెంట్ ఇష్టం కాదు. ముందు కమిటీ నివేదిక కాపీ తీసుకోమనండి, అది ఆమెకు ఇచ్చి తీరాలి. అందులో ఆమెను బదిలీ చేయమని సిఫారసు ఉందా లేదా చూడాలి. లేకపోతే ఆ బదిలీ ఎవరి నిర్ణయం, ఏ కారణంతో అని రాతలో అడగాలి. ఫోన్‌లో వద్దు, ఈమెయిల్‌లోనే. సిఫారసుల మీద యజమాని 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. సిఫారసులు సరిపోవనిపిస్తే, అమలు కాకపోతే 18వ సెక్షన్ కింద అప్పీలుకి వెళ్లొచ్చు. పరిహారం లెక్కించేటప్పుడు కెరీర్‌లో కోల్పోయిన అవకాశాన్ని కూడా చూడాలని 15వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి పాత ప్రాజెక్ట్‌లో ఆమె ఏం చేసేది, కొత్తదానిలో ఏం ఇచ్చారు, రెండూ కాగితం మీద పెట్టమనండి. పాత రివ్యూలు, మెచ్చుకుంటూ వచ్చిన మెయిళ్లు ఆఫీసు లాప్‌టాప్‌లోనే ఉంటే వాటి తేదీలైనా ఇప్పుడే రాసిపెట్టుకోమనండి.

అప్పీలుకి గడువు సిఫారసులు వచ్చిన రోజు నుంచి 90 రోజులు. నివేదిక మీద తేదీ ఎంత ఉందో ఈ రోజే చూసి నాకు ప్రైవేట్ మెసేజ్‌లో చెప్పమనండి. ఫీజు వద్దు.